బాలి ట్రిప్‌లో బొమ్మల కోసం ఒక్క పూట: ఏ మ్యూజియం ఎవరికి?

బాలి వెళ్లే మనవాళ్ల ప్లాన్ ఈ మధ్య దాదాపు ఒకేలా ఉంటోంది. ఒకరోజు నుసా పెనిడా, ఒకరోజు ఉబుద్‌లో ఊయల, కోతుల అడవి, మెట్లు మెట్లుగా వరి మళ్లు, ఒక సాయంత్రం ఉలువాటులో కెచక్ నాట్యం, మిగిలింది బీచ్. ఇందులో మ్యూజియానికి చోటుండదు. వాన పడి ఊయల కుదరకపోతే మాత్రం "దగ్గర్లో ఏదో ఒకటి చూపించు బాబూ" అని డ్రైవరును అడుగుతాం. మా మొదటి ట్రిప్పులో మేమూ అదే చేశాం. ఆయన "ఆర్ట్ మ్యూజియం" అని తీసుకెళ్లింది ఒక పెద్ద షాపుకి. గోడల నిండా బొమ్మలు, ప్రతి బొమ్మ పక్కనా ధర చీటీ, మన వెనకాలే నడిచే సేల్స్‌మన్. పావుగంటలో బయటపడి, బాలి బొమ్మలంటే ఇంతేనేమో అనుకున్నాం.

రెండోసారి వెళ్లినప్పుడు అసలైన మ్యూజియం ముందు నిలబడ్డాక తెలిసింది, మొదటిసారి ఏం పోగొట్టుకున్నామో. అక్కడ గోడ మీద అర్జునుడు తపస్సు చేస్తున్నాడు. ఆ కొండ పేరు ఇంద్రకీల. బెజవాడ ఇంద్రకీలాద్రి మెట్లెక్కిన వాళ్లకు ఆ కథ ఎవరైనా విప్పి చెప్పాలా? బాలి చిత్రకారులకు ఈ ఘట్టమంటే చాలా ఇష్టం. పదకొండో శతాబ్దంలో పాత జావా భాషలో వచ్చిన 'అర్జున వివాహ' కావ్యం నుంచి తీసుకుంటారు. కథ తెలిసి బొమ్మ ముందు నిలబడే అదృష్టం పరాయి దేశంలో మనకు దొరికే చోట్లు బహు తక్కువ. అందుకే నా లెక్కలో అయిదు రోజుల ట్రిప్పులో ఒక పూట బొమ్మలకు ఇవ్వొచ్చు. ఒక్క పూటే. ఒకే రోజు మూడు మ్యూజియంలు తిరిగితే మూడోదానికి వచ్చేసరికి కళ్లు చూస్తాయి గానీ మనసు హోటల్లో ఉంటుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు, మీ హోటల్ ఎక్కడ? మ్యాపులో బాలి చిన్నగా కనిపిస్తుంది. కుటా, సెమిన్యాక్ వైపు నుంచి ఉబుద్‌కు దూరం ఏమంత లేదు. కానీ రోడ్లు సన్నం, స్కూటర్లు ఎక్కువ, గంటన్నర పట్టడం మామూలే. రానూ పోనూ కలిపి మూడు గంటలు ఒక్క మ్యూజియం కోసం కారులో కూర్చోమని నేను ఎవరికీ చెప్పను. మంచి మ్యూజియంలు చాలావరకు ఉబుద్‌లోనే ఉన్నాయి కాబట్టి, ఉబుద్‌లో ఒక రాత్రైనా ఉండేవాళ్లకు ఎంపిక ఎక్కువ. దక్షిణాన బీచ్ హోటళ్లలో ఉండేవాళ్లు అక్కడే దొరికేవి చూసుకోవడం మేలు.

ఆ తర్వాత, వెంట ఎవరున్నారు? మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలా, పరిగెత్తే పిల్లలా, కొత్త జంటా? మెట్లు, దోమలు, ఉక్కపోత మాత్రమే ఇక్కడ సమస్య కాదు. కొన్నిచోట్ల నగ్న చిత్రాలు ఎక్కువ. మామగారి పక్కన నిలబడి అవి చూడటం అందరికీ కుదిరే పని కాదు.

మూడోది, మీకు కావాల్సిందేమిటి? కథలా, బాలి చిత్రకళ ఎలా మారిందో ఆ వరసా, లేక ఒక మనిషి బతుకూ ఇల్లూనా? ఇవి మూడూ ఒకేచోట దొరకవు.

డబ్బు గురించి పెద్దగా టెన్షన్ వద్దు. రుపియాలో సున్నాలు చూసి గాభరా పడతాం గానీ లక్ష రుపియా అంటే మన ఐదారు వందలే. టికెట్ల ధరలు మారుతుంటాయి, వెళ్లే వారం చూసుకోండి. ఒక మ్యూజియం టికెట్ తక్కువని దాన్ని ఎంచుకుంటే మాత్రం పొరపాటు. కారు బాడుగ ముందు ఆ తేడా ఏపాటిది?

| చోటు | ఎక్కడ | ముఖ్యంగా ఏముంది | పట్టే సమయం | ఎవరికి నప్పదు |
|---|---|---|---|---|
| పురి లుకిసాన్ | ఉబుద్ నడిబొడ్డు | 1930ల నాటి బాలి చిత్రాలు, చెక్క శిల్పాలు, తోట | గంటన్నర | విదేశీ చిత్రకారుల కోసం వచ్చేవాళ్లకు |
| నేకా | ఉబుద్‌కు వాయవ్యంగా సంగింగన్ రోడ్డు | బాలి చిత్రకళ మొత్తం ఒక వరసలో, క్రిస్ కత్తులు | రెండు గంటలు | మెట్లు ఎక్కలేని వాళ్లకు |
| ఆర్మా | ఉబుద్‌కు దక్షిణంగా పెంగోసెకాన్ | వాల్టర్ స్పైస్, రాదెన్ సాలేహ్, తోట, నాట్యం | సగం రోజు | తొందరలో ఉన్నవాళ్లకు |
| బ్లాంకో | ఉబుద్, చంపుహాన్ | ఒకే చిత్రకారుడి స్త్రీ చిత్రాలు, ఆయన ఇల్లు | గంట | కుటుంబంతో వెళ్లేవాళ్లకు |
| సెత్య దర్మ | ఉబుద్‌కు దక్షిణంగా, మాస్ దగ్గర | ముసుగులు, తోలుబొమ్మలు | గంటన్నర | కారు లేనివాళ్లకు |
| లె మేయర్ | సనూర్ బీచ్ | బెల్జియం చిత్రకారుడి ఇల్లు | ముప్పావు గంట | మంచి వెలుతురులో బొమ్మలు చూడాలనుకునేవాళ్లకు |
| పసిఫికా | నుసా దువా | ఆసియా, పసిఫిక్ దీవుల కళ | గంటన్నర | బాలి మాత్రమే కావాలనుకునేవాళ్లకు |
| కెర్తా గోసా | క్లుంగ్‌కుంగ్ | పైకప్పు నిండా భీముడి కథ | గంట | మెడనొప్పి ఉన్నవాళ్లకు (నిజంగానే) |

## పురి లుకిసాన్: నడిచి వెళ్లొచ్చు, అదే దాని బలం

'పురి' అంటే రాజభవనం, 'లుకిసాన్' అంటే బొమ్మ. ఉబుద్ మార్కెట్, రాజభవనం ఉన్న మెయిన్ రోడ్డు మీదే ఉంది. 1956లో తెరిచారు. బాలిలో చిత్రకళ కోసమే పెట్టిన మ్యూజియంలలో ఇదే పాతది.

దీని వెనక ఒక సంఘం కథ ఉంది. 1930ల్లో టూరిస్టులు పెరిగేకొద్దీ నాసిరకం బొమ్మలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. ఆ పోకడకు అడ్డుకట్ట వేయాలని 1936లో ఉబుద్ రాజకుటుంబానికి చెందిన సుకవతి సోదరులు, జర్మన్ చిత్రకారుడు వాల్టర్ స్పైస్, డచ్ చిత్రకారుడు రుడాల్ఫ్ బోనే, స్థానిక కళాకారుడు లెంపాద్ కలిసి 'పిత మహ' అనే సంఘం పెట్టారు. మన 'పితామహ' శబ్దమే. యుద్ధం వచ్చి సంఘం చెదిరిపోయింది. ఆ తరం చేతి పని కాపాడుకునే చోటుగా ఈ మ్యూజియం మిగిలింది.

ఇక్కడ తప్పక చూడాల్సింది లెంపాద్ గీతలు. తెల్ల కాగితం మీద నల్ల సిరా, అక్కడక్కడా కాస్త ఎరుపు, కాస్త బంగారం, అంతే. ఉబుద్ వెళ్లిన ప్రతి తెలుగువాడి ఫోన్‌లోనూ తామరకొలను ముందు సరస్వతి గుడి ఫొటో ఉంటుంది కదా, ఆ గుడి పని చేసింది ఆయనే. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టుకోలేదు. 1978లో పోయేనాటికి వందేళ్లు దాటాయని చెబుతారు. ముందు గుడి చూసి, తర్వాత నాలుగడుగులు నడిచి ఈ గీతలు చూడండి. ఒకే చెయ్యి రాతినీ కాగితాన్నీ ఎలా పట్టుకుందో తెలుస్తుంది.

చెక్క శిల్పాలు కూడా వదలొద్దు. చెట్టు కొమ్మ మెలిక ఎటు తిరిగితే మనిషి నడుమూ అటే తిప్పిన పనితనం అక్కడ ఉంది. మంటపాల మధ్య తోట, కొలను ఉన్నాయి. పెద్దవాళ్లు అలసిపోతే నీడలో కూర్చోబెట్టి మీరు లోపల తిరగొచ్చు. లోటేమిటంటే బాలి బయటివాళ్ల పని దాదాపు ఉండదు, ఆధునికం తక్కువ. ఏ బొమ్మ ఏ కాలానిదో వరస అర్థం కావడానికి కాస్త ఓపిక కావాలి.

## నేకా: వరస తెలియాలంటే ఇక్కడికే

సుతేజ నేకా అనే బాలి వ్యాపారి, సేకర్త 1982లో తెరిచిన మ్యూజియం ఇది. మొదటిసారి వెళ్లేవాళ్లు "ఒక్కటే చెప్పు" అంటే నేను దీని పేరే చెబుతాను. కారణం, ఏ మంటపం తర్వాత ఏది చూడాలో చక్కగా అమర్చారు. మొదటి హాల్లో తోలుబొమ్మల్లా పక్కకు తిరిగిన ముఖాలతో క్లుంగ్‌కుంగ్ దగ్గరి కమాసన్ ఊరి పాత తరహా. ఆ తర్వాత 1930ల మలుపు. దేవుళ్లూ రాక్షసులూ ఉన్న బొమ్మల్లోకి సంతలు, కోతలు, కోడిపందేలు వచ్చి చేరాయి. బతువాన్ ఊరి వాళ్ల బొమ్మల దగ్గర మాత్రం ఆగండి. ముదురు రంగుల్లో, ఖాళీ అన్నది వదలకుండా చీమల బారులా మనుషుల్ని నింపేస్తారు. పిల్లలకు "ఇందులో కుక్క ఎక్కడుందో పట్టు" అని పని అప్పజెబితే పావుగంట మీ చేతికి దొరుకుతుంది.

అరీ స్మిత్ మంటపం ఇంకో మలుపు. ఈయన డచ్ మనిషి. సిపాయిగా ఇండోనేషియా వచ్చి, జపాన్ వాళ్ల చేతికి యుద్ధ ఖైదీగా చిక్కి, ఆ తర్వాత ఆ దేశ పౌరుడే అయ్యాడు. 1960ల్లో పెనెస్తనాన్ ఊరి కుర్రాళ్లకు రంగులూ కుంచెలూ ఇచ్చి, ఎలా వేయాలో చెప్పకుండా వదిలేశాడు. ఆ పిల్లలు గులాబీ ఆకాశాలు, నీలం మనుషులు వేసేశారు. స్మిత్ వందో పుట్టినరోజుకు కొన్ని వారాల ముందు, 2016లో పోయాడు.

అబ్దుల్ అజీజ్ జంట బొమ్మలు చూసి నవ్వు రానివాళ్లు ఉండరు. ఒక ఫ్రేములో అబ్బాయి, పక్క ఫ్రేములో అమ్మాయి, ఇద్దరూ ఫ్రేము దాటి ఒకరికేసి ఒకరు వంగి చూస్తుంటారు. ఫొటోల గదిలో 1930ల నాటి బాలి ఉంటుంది. తీసింది రాబర్ట్ కోక్ అనే అమెరికన్. కుటా బీచ్‌లో అప్పట్లో హోటల్ నడిపి, బాలికి సర్ఫింగ్ పరిచయం చేసింది ఈయనే. కుటాలో దిగినవాళ్లు ఆ ఫొటోలు చూస్తే తమ హోటల్ ఉన్నచోట ఒకప్పుడు కొబ్బరిచెట్లు తప్ప ఏమీ లేవని తెలుస్తుంది.

క్రిస్ కత్తుల సేకరణ వేరే ఉంది. నేకా పూర్తి పేరులో 'పాండే' అని వస్తుంది, అక్కడ లోహపు పని చేసే వంశాలకు ఆ పేరు ఉంటుంది. వంశం పనిని ఆయన ఇలా గుర్తుపెట్టుకున్నాడన్నమాట.

చిక్కు ఏమిటంటే ఊరి మధ్య నుంచి ఇది నడిచే దూరం కాదు, రోడ్డు ఎత్తుపల్లాలు, పక్కన నడిచే దారి సరిగా ఉండదు. మంటపాల మధ్య మెట్లున్నాయి. మధ్యాహ్నం వెళితే ఉక్కపోతకు మనిషి తడిసిపోతాడు. ఉదయం తెరిచే వేళకే వెళ్లండి.

## ఆర్మా: మ్యూజియం కంటే పెద్దది

ఆగుంగ్ రాయ్ అనే ఆయన టూరిస్టులకు బొమ్మలు అమ్ముతూ పైకొచ్చి, మంచివి అమ్మకుండా దాచుకుని, 1996లో ఈ మ్యూజియం తెరిచాడు. 'ఆర్మా' ఆయన పేరుతో ఉన్న మ్యూజియానికి పొట్టిపేరు. ఆవరణలోనే హోటలు, వరి మళ్లు, తోటలు, కాఫీ షాపు. నాట్యం, బొమ్మలు వేయడం, వంట నేర్పే తరగతులు కూడా ఉంటాయి.

బొమ్మల వరకు దీని గొప్పతనం రెండు పేర్లలో చెప్పొచ్చు. ఒకటి వాల్టర్ స్పైస్. మాస్కోలో పుట్టిన జర్మన్, 1927లో బాలి వచ్చాడు. బాలి గురించి ప్రపంచానికి ఒక బొమ్మ కట్టి ఇచ్చినవాళ్లలో ముందువరసలో ఉంటాడు. 1942లో డచ్ వాళ్లు జర్మన్ ఖైదీలను తరలిస్తున్న ఓడ మీద జపాన్ విమానం బాంబు వేసినప్పుడు మునిగిపోయినవాళ్లలో ఆయనా ఒకడు. ఆయన వేసినవి మొత్తమే తక్కువ, ప్రపంచమంతా చెదిరిపోయాయి. ఇక్కడున్న 'చలోనరంగ్' బొమ్మ మంత్రగత్తె కథ. చీకటిలో నుంచి వెలుతురు తన్నుకొస్తున్నట్టు ఉంటుంది. రెండోపేరు రాదెన్ సాలేహ్. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్ వెళ్లి నూనె రంగులు నేర్చుకొచ్చిన జావా మనిషి. మనకు రవివర్మ ఎలాగో వాళ్లకు ఈయన అలాగ.

పిల్లలు, పెద్దవాళ్లు, రకరకాల ఇష్టాలున్న గుంపుతో వెళ్లేవాళ్లకు ఆర్మా చాలా నయం. బొమ్మలు నచ్చనివాళ్లు తోటలో తిరుగుతారు. కానీ గంటలో చూసి వచ్చేద్దాం అనుకుంటే ఈ చోటుకు వెళ్లొద్దు. దాని రుచి అంతా తీరిగ్గా కూర్చోవడంలోనే ఉంది. మంకీ ఫారెస్ట్ చూసేవాళ్లకు అక్కడికి దగ్గరే.

## బ్లాంకో: ఇద్దరైతే సరే

ఆంటోనియో బ్లాంకో స్పానిష్ మూలాలున్న మనిషి, మనీలాలో పుట్టాడు. 1952లో బాలి వచ్చి, ని రోంజి అనే నర్తకిని పెళ్లాడి, ఉబుద్ రాజు ఇచ్చిన స్థలంలో 1999లో పోయేవరకు ఉన్నాడు. ఆయన సంతకం ఆకారంలో కట్టిన గేటు, గుమ్మటం, బంగారు రంగు ఫ్రేములు, చిలకలు. మ్యూజియం కంటే ఒక నాటకరంగం చూసినట్టు ఉంటుంది. బొమ్మల్లో ఎక్కువ భాగం నగ్న స్త్రీలు. కొత్త జంటలు సరదాగా చూసి రావొచ్చు. నాకు మటుకు ఫ్రేములు బాగున్నాయి, లోపలివి ఒకదాని తర్వాత ఒకటి ఒకేలా అనిపించాయి.

## సెత్య దర్మ: పిల్లలతో వెళ్తే

ఉబుద్ నుంచి మాస్ ఊరి వైపు లోపలికి వెళ్తే తోట మధ్య జావా నుంచి విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టిన పాత చెక్క ఇళ్లు. వాటి నిండా వెయ్యికి పైగా ముసుగులు, వేలకొద్దీ తోలుబొమ్మలు. చిత్రకళ అంటే ఆవలించే పిల్లలు కూడా ఇక్కడ నోరు తెరుచుకుని చూస్తారు, కొన్ని ముసుగులకు భయపడతారు కూడా.

తోలుబొమ్మలాట ఒక్కసారైనా చూసినవాళ్లకు ఇక్కడ ఇంకో సంగతి తడుతుంది. మన బొమ్మలు పెద్దవి, తోలు పల్చగా గీకి రంగులు వేసినవి, దీపం వెనక పెడితే రంగు తెర మీద పడుతుంది. బాలి బొమ్మలు చిన్నవి, చిల్లులతో చేసిన నగిషీ ఎక్కువ, తెర మీద పడేది నీడే. కానీ ఆటలో నవ్వించేవాళ్లు రెండుచోట్లా తప్పరు. మనకు జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఉన్నట్టే వాళ్లకు త్వాలెన్, మెర్దా అనే బంట్లు ఉన్నారు. రాజులు పాత భాషలో మాట్లాడితే జనం భాషలో విడమరిచి చెప్పేది వాళ్లే.

## బీచ్ హోటళ్లలో ఉన్నవాళ్లకు రెండు

సనూర్‌లో దిగితే లె మేయర్ ఇల్లు చూడండి. బెల్జియంకు చెందిన అద్రియాన్ లె మేయర్ 1932లో వచ్చి, లెగోంగ్ నర్తకి ని పొల్లోక్‌ను పెళ్లాడి, సముద్రం ఒడ్డునే ఇల్లు కట్టుకున్నాడు. 1957లో ఇల్లూ బొమ్మలూ ఇండోనేషియా ప్రభుత్వానికి రాసిచ్చి, మరుసటి ఏడు బ్రస్సెల్స్‌లో కన్నుమూశాడు. ని పొల్లోక్ 1985 దాకా ఆ ఇంట్లోనే ఉంది. జపాన్ ఆక్రమణ కాలంలో కాన్వాస్ దొరక్క గోనెలాంటి ముతక గుడ్డ మీద వేసిన బొమ్మలున్నాయి, వాటి ముందు కాసేపు నిలబడండి. బొమ్మల మీద ఉప్పుగాలి ప్రభావం తెలుస్తూనే ఉంటుంది. పెద్ద ఆశలతో వెళ్తే నిరాశ పడతారు. బీచ్‌లో నడుస్తూ నడుస్తూ దూరితే మాత్రం చాలా బాగుంటుంది. నాకు బొమ్మల కంటే చెక్కిన కిటికీలు, గదులు, ఆయన పోయాక పాతికేళ్లకు పైగా ఆ ఇంటిని కనిపెట్టుకున్న ఆమె కథే గుర్తుండిపోయాయి. ప్రభుత్వ మ్యూజియం కాబట్టి సెలవుల్లో మూస్తారు, సాయంత్రం దాకా ఆగకుండా ముందే వెళ్లండి.

నుసా దువాలో ఉంటే పసిఫికా. 2006లో తెరిచారు. పదకొండు గదుల్లో బాలికి వచ్చిన యూరప్ చిత్రకారులతో మొదలై పాలినేషియా, వనువాటు దాకా వెళ్తుంది. చెట్టు బెరడును దంచి చేసిన గుడ్డల మీద పసిఫిక్ దీవులవాళ్లు వేసిన నగిషీలు ఇక్కడ చూడొచ్చు. జనం తక్కువ, హాయిగా ఉంటుంది. బాలి గురించి తెలుసుకోవడానికి మాత్రం ఇది సరిపోదు.

దెన్‌పసార్‌లోని బాలి మ్యూజియం (1932) గురించి అడుగుతారు కొందరు. అక్కడ బొమ్మల కంటే పనిముట్లు, బట్టలు, ముసుగులు, పాత వస్తువులు ఎక్కువ. దెన్‌పసార్‌లో వేరే పనుంటే చూడండి.

## కెర్తా గోసా: తెలుగువాళ్లు దూరమైనా వెళ్లాల్సింది

దీన్ని మ్యూజియం అనరాదేమో. క్లుంగ్‌కుంగ్ రాజుల కోటలో మిగిలిన న్యాయమంటపం ఇది. 1908 ఏప్రిల్ 28న డచ్ సైన్యం వచ్చినప్పుడు రాజు, కుటుంబం, పరివారం లొంగిపోకుండా ఎదురెళ్లి ప్రాణాలిచ్చారు. ఆ ఆత్మాహుతిని 'పుపుతాన్' అంటారు. కోట చాలావరకు నేలమట్టమైంది. మిగిలిన మంటపం పైకప్పు నిండా కమాసన్ ఊరివాళ్లు వేసిన బొమ్మలు. పాతబడ్డప్పుడల్లా మళ్లీ మళ్లీ వేసుకుంటూ వచ్చారు, కాబట్టి ఇప్పుడు మనం చూసే రంగు పాతది కాదు, గీత మాత్రం పాతదే.

తల ఎత్తితే కింది వరసలో 'తంత్రి' కథలు. మన పంచతంత్రం జావా, బాలి వెళ్లి అక్కడ స్థిరపడిన రూపం. దాని పైవరసల్లో 'భీమ స్వర్గ'. మన భారతంలో నరకం చూసేది ధర్మరాజు. ఇక్కడ వెళ్లేది భీముడు. తండ్రి పాండురాజూ పినతల్లి మాద్రీ యమలోకంలో శిక్ష అనుభవిస్తున్నారని, వాళ్లను తేవడానికి పోతాడు. వెంట త్వాలెన్, మెర్దా. దారిపొడుగునా శిక్షలు: కాగే నూనె కాగులు, రంపాలు, కాల్చేవి, కోసేవి. ఊళ్లో జాతరలో అమ్మే 'ఏ పాపానికి ఏ శిక్ష' పటాలు చూసిన వాళ్లకు ఎక్కడో కొడుతుంది. భీముణ్ణి గుర్తుపట్టడం తేలిక: నలుపు తెలుపు గళ్ల పంచె, పొడుగాటి బొటనవేలి గోరు. తల్లిదండ్రులను కాగులోంచి బయటికి తెచ్చాక అమృతం కోసం స్వర్గానికి వెళ్తాడు. ఆ కథ పైవరసల్లో నడిచి, శిఖరంలో తామరపువ్వు దగ్గర ఆగుతుంది. కింద కూర్చుని తీర్పు కోసం ఎదురుచూసే ముద్దాయి పైకి చూస్తే మొదట కనిపించేవి శిక్షలన్నమాట.

పక్కనే కొలను మధ్య ఇంకో మంటపం ఉంది, దాని పైకప్పు మీద పద్దెనిమిది మంది పిల్లలతో సతమతమయ్యే పాన్ బ్రయుత్ దంపతుల కథ. నవ్వొస్తుంది.

ఉబుద్ నుంచి కారులో గంటలోపే. దగ్గర్లోనే కమాసన్ ఊరు. అక్కడ ఇళ్లల్లో ఇప్పటికీ పాత పద్ధతిలో వేస్తారు: గుడ్డను బియ్యప్పిండి గంజిలో ముంచి, ఎండబెట్టి, గవ్వతో రుద్ది నున్నగా చేస్తారు. చేర్యాల నకాషీ వాళ్లు గుడ్డకు గంజి, చింతగింజల జిగురు, సుద్ద పట్టించడం చూసినవాళ్లకు ఈ పని పరాయిగా అనిపించదు. మోకాళ్లు కప్పే బట్టలు వేసుకుని వెళ్లండి.

## ఇక ఎవరు ఎటు?

ఉబుద్‌లో రెండు మూడు గంటలే ఉంటే, మార్కెట్ చూసే పూటే పురి లుకిసాన్. కాస్త ఆసక్తి, ఒక ఉదయం ఖాళీ ఉంటే నేకా. మూడు తరాలు కలిసి వెళ్తే ఆర్మా, పిల్లలే ఎక్కువైతే సెత్య దర్మ. బొమ్మల గురించి ఏమీ తెలియదు, కానీ భారతం బాగా తెలుసు అనేవాళ్లకు నేను నేకా కూడా చెప్పను, నేరుగా కెర్తా గోసా. మా అమ్మ అక్కడ గంట సేపు మెడ ఎత్తి ఒక్కో శిక్షకూ ఒక్కో బంధువు పేరు చెప్పింది. ఉబుద్ మ్యూజియంలో అయిదు నిమిషాలు కూడా నిలబడలేదు.

నేకా, ఆర్మా మధ్య ఊగిసలాడేవాళ్లు ఎక్కువ. బొమ్మలు మాత్రమే ముఖ్యం అనుకుంటే నేకా. ఆ రోజంతా ఎక్కడో ఒకచోట హాయిగా గడపాలి, మధ్యలో బొమ్మలు కూడా ఉండాలి అనుకుంటే ఆర్మా. రెండూ ఒకే రోజు వద్దు.

ఒక హెచ్చరిక. బాలి పంచాంగం చూడకుండా టికెట్లు బుక్ చేయొద్దు. వాళ్ల శక సంవత్సరాది 'న్యెపి'. మన ఉగాదిలాగే శక లెక్కలోది, చాలా ఏళ్లు ఉగాది రోజునో ఒకరోజు అటూ ఇటూగానో పడుతుంది, కొన్ని ఏళ్లు నెల తేడా వస్తుంది. ఆ రోజు మౌనం. దీవి మొత్తం మూత, విమానాశ్రయం కూడా. హోటల్ గేటు దాటనివ్వరు. గలుంగాన్, కునింగాన్ పండగలు 210 రోజులకోసారి వస్తాయి, ఆ రోజుల్లోనూ చాలా మ్యూజియంలు మూస్తారు. వానాకాలం సుమారు నవంబరు నుంచి మార్చి దాకా, ఎక్కువగా మధ్యాహ్నాలే వానలు. ఉదయం బయటి చోట్లు, మధ్యాహ్నం మ్యూజియం పెట్టుకోవచ్చు, ఉక్కపోత ఓర్చుకుంటే.

బొమ్మ కొనాలని ఉంటే మ్యూజియం చూశాకే కొనండి, ముందు కాదు. పొద్దున బతువాన్ బొమ్మలు గంటసేపు చూసిన కన్ను సాయంత్రం షాపులో మోసపోవడం కష్టం. గ్యాలరీకి మిమ్మల్ని తీసుకొచ్చిన డ్రైవరుకు కమీషన్ ఉండటం అక్కడ మామూలు వ్యవహారం, అది ధరలో కలుస్తుంది. అందుకే కమాసన్‌లోనో బతువాన్‌లోనో వేసినవాళ్ల ఇంటికే వెళ్లడం మంచిది. ఫ్రేము లేకుండా చుట్టి గొట్టంలో పెట్టించుకోండి. ఫ్రేము హైదరాబాద్‌లోనో విజయవాడలోనో వేయించుకుంటే చవక, విమానంలో అద్దం పగిలే గొడవా ఉండదు.